గుండె మీద మాస్టర్స్ చదవబోయే అమ్మడికి

అమ్మడూ,

కార్డియోవాస్క్యులర్ సైన్స్‌లో సీటు వచ్చిందని విని చాలా సంతోషమేసింది. తరగతులు మొదలయ్యేలోపు ఏం చదవాలి అని అడిగావు. పుస్తకాల పట్టీ నీ విభాగం వాళ్లే ఇస్తారు, అది నేను పంపను. ఈ చదువులో పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేస్తారో, ఎందుకు వేస్తారో మాత్రం రాస్తాను.

ముందు ఒక మాట. ఈ డిగ్రీతో గుండె డాక్టరువి కావు. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) టెక్నాలజిస్టుగానో, ఆపరేషన్ థియేటర్లో హార్ట్ లంగ్ మెషీన్ నడిపే పర్ఫ్యూజనిస్టుగానో పని చెయ్యాలంటే దానికి వేరే శిక్షణ, వేరే రిజిస్ట్రేషన్ కావాలి. ఇది ప్రధానంగా పరిశోధన వైపు తీసుకెళ్లే చదువు: పీహెచ్‌డీ, క్లినికల్ ట్రయల్స్, మందుల భద్రతా పరీక్షలు. అందుకే సిలబస్‌లో సబ్జెక్టుల పేర్లకంటే ప్రాజెక్టుకి ఎన్ని నెలలు ఇస్తారు, ల్యాబ్‌లో నీ చేతికి పని దొరుకుతుందా అన్నది చూసుకో.

ఇక చదువు సంగతి. ఇందులో నీ ముందుకొచ్చే ప్రతి అంకెనీ ఎవరో ఒకరు ఏదో ఒక పద్ధతిలో కొలిచారు. ఎలా కొలిచారో తెలియకపోతే ఆ అంకె నీకు అర్థం కానట్టే. జబ్బుల జాబితా బట్టీ పట్టినవాళ్లు పరీక్ష గట్టెక్కుతారు గానీ ప్రాజెక్టులో తేలిపోతారు.

మొదట ఎడమ జఠరిక ప్రెషర్-వాల్యూమ్ లూప్ చూడకుండా గియ్యగలగాలి. అడ్డంగా పరిమాణం, నిలువుగా ఒత్తిడి. కింద కుడి మూల నుంచి మొదలుపెట్టు: 120 మి.లీ. నిండింది, ఒత్తిడి ఇంకా 10 మి.మీ. (పాదరసం) లోపే. కర్ణికకీ జఠరికకీ మధ్య ఉండే మైట్రల్ కవాటం మూసుకుంది. అక్కణ్ణుంచి నిటారుగా 80 దాకా ఎక్కు, బృహద్ధమని మొదట్లో ఉండే అయోర్టిక్ కవాటం తెరుచుకుంటుంది. వంపు తిరిగి 120 మి.మీ. తాకి, పరిమాణం 50 మి.లీ.కి తగ్గాక కవాటం మూసుకుంటుంది. మళ్లీ నిటారుగా కిందికి. లూప్ వెడల్పు 70 మి.లీ., అదే స్ట్రోక్ వాల్యూమ్, అంటే ఒక్క బీటుకి తోసే రక్తం. 120లో 70 అంటే ఇజెక్షన్ ఫ్రాక్షన్ సుమారు 58 శాతం.

ఇంతవరకూ అందరూ గీస్తారు. తప్పు దీని తర్వాత వస్తుంది. ప్రీలోడ్ (ముడుచుకునే ముందు జఠరిక నిండిన మేర) పెరిగి లూప్ కుడికి సాగితే, స్ట్రోక్ వాల్యూమ్ పెరిగింది కదా అని 'కాంట్రాక్టిలిటీ పెరిగింది', అంటే కండరం ముడుచుకునే బలమే పెరిగింది అని రాసేస్తారు. కాదు. ప్రీలోడ్ మారినా లూప్‌ల పై ఎడమ మూలలన్నీ ఒకే వాలు గీత మీద ఉంటాయి. కాంట్రాక్టిలిటీ పెరిగితే ఆ గీతే నిటారవుతుంది. అలాగే మైట్రల్ లీకున్న రోగిలో ఇజెక్షన్ ఫ్రాక్షన్ 60 ఉందని మురిసిపోకూడదు. బయటికి తోసిన రక్తంలో కొంత వెనక్కి కర్ణికలోకే పోతోంది, లెక్కలో అదీ కలిసింది. అప్పుడు నిటారు గీతలు కూడా పక్కకి వాలిపోతాయి, ఎందుకంటే కవాటాలన్నీ మూసుకున్న క్షణమే ఉండదు.

ఈసీజీలో క్యూటీ అంటే జఠరికలు ఒక బీటుకి ఉత్తేజితమై మళ్లీ మామూలయ్యేందుకు పట్టే కాలం, దాన్ని గుండె వేగానికి సరిదిద్దితే క్యూటీసీ. యంత్రం అచ్చేసిన క్యూటీసీని యథాతథంగా తీసుకోకు. ఏదో మందు వేసుకుంటున్న స్త్రీకి గుండె వేగం 100, క్యూటీ 360 మిల్లీసెకన్లు అనుకో. రెండు బీట్ల మధ్య 0.6 సెకను. బాజెట్ సూత్రం ప్రకారం దాని వర్గమూలంతో భాగిస్తే 465 వస్తుంది. ఫ్రిడెరిషియా ప్రకారం ఘనమూలంతో భాగిస్తే 427. స్త్రీలలో మామూలుగా పెట్టుకునే హద్దు 460. ఒకే కాగితం, ఒకే గుండె. ఒక సూత్రం మందుని అనుమానిస్తోంది, ఇంకొకటి ఏమీ లేదంటోంది. రెండూ 1920 నాటివే. వేగం ఎక్కువైనప్పుడు బాజెట్ అతిగా దిద్దుతుంది, నెమ్మదైనప్పుడు తక్కువ చేసి చూపిస్తుంది. ఏ సూత్రం వాడారో చెప్పని పేపర్‌లో క్యూటీసీ పట్టికని పట్టించుకోనక్కర్లేదు.

ఎకోలో ఇలాంటిదే ఇంకోటి. అయోర్టిక్ కవాటం కింది ద్వారం వ్యాసం 2.0 సెం.మీ. అయితే వైశాల్యం 3.14. దాన్ని 20 సెం.మీ. వీటీఐతో (ఒక్క బీటులో రక్తం ముందుకి కదిలిన దూరం) గుణిస్తే స్ట్రోక్ వాల్యూమ్ 63 మి.లీ. అదే వ్యాసాన్ని 1.8 అని కొలిస్తే 51. రెండు మిల్లీమీటర్లు చెయ్యి జారితే 12 మి.లీ. గల్లంతు! వ్యాసం వర్గమవుతుంది కాబట్టి దాంట్లో తప్పు కూడా దాదాపు రెట్టింపవుతుంది. అందుకని ఆ ఒక్క కొలత మూడుసార్లు తీసి సగటు వెయ్యి.

ల్యాబ్‌లో లాంగెన్‌డార్ఫ్ పద్ధతి తగిలితే అదృష్టమే. 1895 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. జంతువు గుండెని బయటికి తీసి, బృహద్ధమనిలోంచి వెనక్కి ద్రావణం పంపిస్తారు. అయోర్టిక్ కవాటం మూసుకోవడంతో ద్రావణం గుండె కండరానికే రక్తం అందించే కరొనరీల్లోకి వెళుతుంది. సగం వైఫల్యాలు గుండె చేతికి రాకముందే, ద్రావణం దగ్గరే మొదలవుతాయి. క్రెబ్స్-హెన్సెలైట్ ద్రావణంలో బైకార్బొనేట్ 25 మిల్లీమోలార్ ఉంటుంది. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్‌ని బాగా బుడగలు పట్టించి, పీహెచ్ 7.4 దగ్గరికి దిగాకే కాల్షియం క్లోరైడ్ చివర్లో వెయ్యాలి. తొందరపడి ముందే వేశావా, తెల్లగా విరిగిపోతుంది. ఆ తెలుపు కాల్షియం లవణం. ద్రావణంలో కాల్షియం తగ్గిపోతుంది, పైగా ఆ రేణువులు సన్న నాళాల్లో అడ్డం పడతాయి. మసకగా కనిపిస్తే పారబోసి మళ్లీ చెయ్యి, వడకట్టి సరిపెట్టుకోకు.

సీసా మీద లేబుల్ కూడా చదువు. నీరు లేని కాల్షియం క్లోరైడ్ అణుభారం 111, డైహైడ్రేట్‌ది 147. డైహైడ్రేట్ సీసా తీసి 111 లెక్కన తూచితే కాల్షియం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. గుండె నీరసంగా కొట్టుకుంటుంది, నువ్వేమో మందు పనిచేసిందనుకుంటావు.

బృహద్ధమనిలో కట్టే గొట్టం, అంటే కాన్యులా, దాని కొన కవాటం దాటి లోపలికి పోతే కవాటం మూసుకోదు, కరొనరీలకి ద్రావణం అందదు. గొట్టంలో గాలి బుడగ ఉంటే గుండెలో ఒక భాగం కళ్లముందే పాలిపోతుంది. ఒత్తిడి కొలవడానికి జఠరికలో పెట్టే బెలూన్‌ని డయాస్టోల్ (గుండె సడలే దశ) చివర 5 నుంచి 10 మి.మీ. ఒత్తిడి వచ్చేదాకా నింపు. అతిగా నింపితే లోపలి పొరకి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ఏ గుండెని లెక్కలోంచి తీసెయ్యాలో, అంటే కరొనరీ ప్రవాహం ఎంతుండాలి, వేగం ఎంతుండాలి అన్న హద్దులు, ప్రయోగానికి ముందే కాగితం మీద పెట్టు. ఫలితం చూశాక గీసిన హద్దు చెల్లదు.

రికార్డింగ్ వేగం గురించి ఎవరూ చెప్పరు. చిట్టెలుక గుండె నిమిషానికి 600 సార్లు కొట్టుకుంటే ఒక్కో బీటు 100 మిల్లీసెకన్లే. సెకనుకి 100 పాయింట్లు తీస్తే బీటుకి పది చుక్కలు వస్తాయి. దాంతో ఒత్తిడి ఎంత వేగంగా పెరిగిందో లెక్కగట్టడం హాస్యాస్పదం. కనీసం 1,000 పెట్టుకో, ట్రేసు అందంగా కనబడాలని ఫిల్టర్ బిగించకు.

స్టాటిస్టిక్స్‌లో ఒక్కదాని గురించే చెబుతాను. అయిదు ఎలుకల నుంచి ఇరవయ్యేసి గుండె కణాలు కొలిస్తే ఎన్ (నమూనా సంఖ్య) వంద కాదు, అయిదు. ఒకే గుండెలోంచి వచ్చిన కణాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. వంద అని రాస్తే పీ విలువ అద్భుతంగా వస్తుంది, వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. రెండు గుంపుల సగటుల మధ్య ఒక స్టాండర్డ్ డీవియేషన్ తేడా పట్టుకోవాలంటే, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దొరికే అవకాశం), గుంపుకి 17 జంతువులు కావాలి. నీకు ఆరుకే టైముందంటే ప్రశ్న మార్చుకో.

పేపర్లు చదివేటప్పుడు కాస్ట్ అనే క్లినికల్ ట్రయల్ గుర్తుపెట్టుకో. గుండెపోటు వచ్చినవాళ్లలో అదనపు బీట్లు ప్రమాదమని తెలుసు, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు వాటిని అణిచేవి. ఇంకేం, ప్రాణం నిలుస్తుందనుకున్నారు. ప్లసిబో (ఉత్తుత్తి మాత్ర) వేసుకున్నవాళ్లకంటే మందు వేసుకున్నవాళ్లే ఎక్కువ మంది చనిపోవడంతో 1989లో ఆ రెండు మందులనీ ఆపేశారు. ఏ పేపరైనా 'మార్కర్ (జబ్బుకి గుర్తుగా కొలిచేది) తగ్గింది' అంటే, రోగికి ఏమైందో ఏ పట్టికలో ఉందో వెతుకు. ముప్పు 25 శాతం తగ్గిందంటే ఎంత నుంచి ఎంతకి అని అడుగు. వందలో నాలుగు నుంచి మూడుకి తగ్గినా అది 25 శాతమే, కానీ ఒకరిని కాపాడడానికి వందమందికి మందు ఇవ్వాలి.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా మూడు విషయాలు కనుక్కో. ఎథిక్స్ అనుమతి ఇప్పటికే చేతిలో ఉందా? ఆ పరికరం రోజూ వాడుతూ నీకు నేర్పేవాళ్లెవరు? పోయినేడు ఇదే పద్ధతితో చేసినవాళ్లు డేటాతో ముగించారా, సాకులతో ముగించారా? అనుమతి ఇంకా రాలేదంటే ఉన్న డేటా మీద చేసే ప్రాజెక్టు తీసుకో. అనుమతికి నెలలు పట్టొచ్చు, నీ గడువు ఆగదు. మెథడ్స్ అధ్యాయం మాత్రం ప్రయోగం చేసిన రోజు రాత్రే రాసెయ్యి. కణాలు విడదీసే ఎంజైము, కొలాజినేజ్, ఏ బ్యాచ్‌ది వాడావో మూడు నెలల తర్వాత నీకు గుర్తుండదు, బ్యాచ్ మారితే కణాలూ మారతాయి.

ఈ వారంలో రెండు లూప్‌లు గీసి ఫొటో పంపు: అయోర్టిక్ కవాటం సన్నబడ్డప్పుడు ఒకటి, మైట్రల్ లీకున్నప్పుడు ఒకటి. మూలల దగ్గర అంకెలు వెయ్యి. అంకెల్లేని బొమ్మ పంపితే తిప్పి పంపిస్తాను.

పెదనాన్న