ఇమ్మిగ్రేషన్ సహాయ కేంద్రానికి లైబ్రరీ: ఏం కొనాలి, ఏం ఉంచకూడదు

ప్రశ్న: డాలస్ దగ్గర మాదొక చిన్న కమ్యూనిటీ సంస్థ. తక్కువ ఆదాయం ఉన్న వలస కుటుంబాలకు ఇమ్మిగ్రేషన్ కాగితాల పనిలో సాయం చేయాలనుకుంటున్నాం. న్యాయశాఖ గుర్తింపుకు దరఖాస్తు పెట్టాలంటే లైబ్రరీ ఉండాలంటున్నారు. ఏ పుస్తకాలు కొనాలి? డబ్బు తక్కువ.

జవాబు:

పుస్తకాల జాబితా పక్కన పెట్టి ముందు కేసుల జాబితా రాయండి. మీ దగ్గరికి వచ్చేవి పౌరసత్వం (ఎన్-400), తల్లిదండ్రులకు, భార్యాభర్తలకు పెట్టే ఐ-130, గ్రీన్‌కార్డు రెన్యువల్, ఇంట్లో హింస ఎదుర్కొంటున్న ఆడవాళ్ల కేసులు అయితే, డిపోర్టేషన్ డిఫెన్స్ గ్రంథాలన్నీ కొని అద్దాల బీరువాలో పెట్టుకోవడం దండగ. తీసుకోని కేసులకు పుస్తకాలెందుకు? వాటికి ఎవరి దగ్గరికి పంపాలో ఫోన్ నంబర్లున్న కాగితం ఒకటి చాలు.

గుర్తింపు సంగతి. 8 సీఎఫ్ఆర్ (ఫెడరల్ నిబంధనల సంకలనం, 8వ టైటిల్) 1292.11 ప్రకారం సంస్థ లాభాపేక్ష లేనిదై, ఫెడరల్ పన్ను మినహాయింపు ఉండి, ప్రధానంగా పేదలకు, తక్కువ ఆదాయం వాళ్లకు సేవ చేస్తుండాలి. ఇమ్మిగ్రేషన్ చట్టంలో తగిన పరిజ్ఞానం, సమాచారం, అనుభవం అందుబాటులో ఉన్నాయని కూడా చూపించాలి. లైబ్రరీ మాట వచ్చేది అక్కడే. అయితే వాళ్లు బీరువా ఫోటో అడగరు. ఏ సేవలు ఇస్తారు, ఏ న్యాయ వనరులు చేతిలో ఉన్నాయి, సిబ్బంది ఏ శిక్షణ పొందారు, చిక్కు ప్రశ్న వస్తే సలహా ఇచ్చే లాయరుతోనో మరో గుర్తింపు సంస్థతోనో రాతపూర్వక ఏర్పాటు ఉందా అనేవి చూస్తారు. దరఖాస్తు ఫారాలు సంస్థకు ఇఓఐఆర్-31, ఒక్కో ప్రతినిధికి (లాయరు కాకపోయినా కేసులు చూసే అనుమతి పొందే మనిషికి) ఇఓఐఆర్-31ఏ. ఇఓఐఆర్ అంటే ఇమ్మిగ్రేషన్ కోర్టులను నడిపే న్యాయశాఖ విభాగం. సంస్థ గుర్తింపు 6 ఏళ్లు (మొదటిసారి పొందే సంస్థకు షరతులతో 2 ఏళ్లే), ప్రతినిధి అనుమతి 3 ఏళ్లు. పాక్షిక అనుమతి ఉన్నవాళ్లు యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) వంటి డీహెచ్‌ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) విభాగాల ముందే పని చేయగలరు, ఇమ్మిగ్రేషన్ కోర్టుకు పూర్తి అనుమతి కావాలి. ఎంత మంచి లైబ్రరీ ఉన్నా, అనుమతి లేని వలంటీరు "నువ్వు ఈ ఫారం పెట్టు, ఇది పెట్టకు" అని చెబితే అది అనుమతి లేని లాయరుపనే.

ఇక వనరులు. సగానికి పైగా ఉచితమే. చట్టం అంటే ఐఎన్‌ఏ (ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్), 1952 నాటిది. యూఎస్ కోడ్ (యూఎస్‌సీ)లో 8వ టైటిల్. ఇక్కడ కొత్తవాళ్లు తడబడేది నంబర్ల దగ్గర. లాయర్లు, యూఎస్‌సీఐఎస్ ఐఎన్‌ఏ సెక్షన్ చెబుతారు, ఫెడరల్ కోర్టులు యూఎస్‌సీ నంబరు రాస్తాయి. ఐఎన్‌ఏ 101 అంటే 8 యూఎస్‌సీ 1101, 203 అంటే 1153, 204 అంటే 1154, 208 అంటే 1158, 212 అంటే 1182, 237 అంటే 1227, 245 అంటే 1255, 316 అంటే 1427. ఈ పట్టికను లామినేట్ చేసి ప్రతి బల్ల మీదా పెట్టండి. ఎక్కువగా చేతిలోకి వచ్చే కాగితం అదే.

నిబంధనలు 8 సీఎఫ్ఆర్. అక్కడా ఒక మెలిక ఉంది. 2003లో డీహెచ్‌ఎస్ పని మొదలుపెట్టాక నిబంధనలు రెండు వరసలయ్యాయి. 208వ భాగం డీహెచ్‌ఎస్‌ది, దాదాపు అదే విషయంతో 1208వ భాగం ఇమ్మిగ్రేషన్ కోర్టులది. మొదట్లో కవలల్లా ఉన్నా, తర్వాతి సవరణలతో కొన్నిచోట్ల తేడాలొచ్చాయి. కోర్టు కాగితంలో 208 రాస్తే ఎదుటివాళ్లకు మీ అనుభవం ఎంతో అక్కడే తెలిసిపోతుంది. ఈ-సీఎఫ్ఆర్ సైట్‌లో తేదీ ఎంచుకుని ఆ రోజున నిబంధన ఎలా ఉందో చూసే సదుపాయం ఉంది, 2017 జనవరి నుంచి. పాత కేసు తిరగేసేటప్పుడు అది లేకపోతే చెయ్యి విరిగినట్టే.

యూఎస్‌సీఐఎస్ పాలసీ మాన్యువల్, కాన్సులేట్లు వాడే ఫారిన్ అఫైర్స్ మాన్యువల్ 9వ సంపుటి, ఇఓఐఆర్ పాలసీ మాన్యువల్, బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ పూర్వ తీర్పులున్న ఇఓఐఆర్ వర్చువల్ లా లైబ్రరీ, ఫెడరల్ రిజిస్టర్, ఇవన్నీ ఉచితం. పూర్వ తీర్పులన్నీ దింపుకోకండి. మీ కేసుల రకాలకు పాతిక తీర్పులు ఎంచి, ఒక్కోదానికి రెండు లైన్ల సారాంశం మీరే రాసి అంటించండి. ఉదాహరణకు 2012 నాటి అరాబల్లి, ఎర్రబెల్లి తీర్పు (25 ఐ అండ్ ఎన్ 771, అంటే ఇమ్మిగ్రేషన్ తీర్పుల సంపుటి, పేజీ): అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) మీద దేశం బయటికి వెళ్లి రావడం, మళ్లీ రాకుండా పదేళ్ల నిషేధాన్ని తెచ్చే "నిష్క్రమణ" కాదు. భారత పౌరుల కేసే. సాక్ష్యం ఎంత బలంగా ఉండాలన్న ప్రశ్నకు 2010 నాటి చావతే తీర్పు (25 ఐ అండ్ ఎన్ 369) ప్రతి కవర్ లెటర్‌లోనూ పనికొస్తుంది. మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి మీ ప్రాంతపు ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అయిన 5వ సర్క్యూట్ తీర్పులకు వేరే ఫోల్డర్ పెట్టండి. న్యూజెర్సీ మిత్రులు పంపిన నమూనా బ్రీఫ్‌లో 3వ సర్క్యూట్ తీర్పులుంటాయి, అవి మీకు కట్టుబాటు కావు. 2024 జూన్ 28కి ముందు రాసిన వ్యాసాల్లో షెవ్రాన్ (చట్టం స్పష్టంగా లేనిచోట ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అర్థాన్ని కోర్టులు ఒప్పుకోవాలన్న సూత్రం) పేరు కనబడితే ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఆ రోజున సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

డబ్బు పెట్టాల్సినవి మొదటి ఏడాదికి నాలుగే అనుకోండి. ఒకటి, మొత్తం ఇమ్మిగ్రేషన్ చట్టానికి సూచిక లాంటి పెద్ద గ్రంథం. అందరూ వాడేది కర్జ్‌బాన్ సోర్స్‌బుక్, రెండేళ్లకోసారి కొత్త ముద్రణ వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో పాతది చవగ్గా దొరుకుతుందని ఎగబడకండి, పాత ముద్రణ ఉంటే దాన్నే నమ్మి పని చేస్తారు. రెండు, మూడు: మీ రెండు ప్రధాన కేసు రకాలకు ఐఎల్‌ఆర్‌సీ (ఇమ్మిగ్రెంట్ లీగల్ రిసోర్స్ సెంటర్) ప్రచురించే ప్రాక్టీస్ మాన్యువళ్లు. పెద్ద గ్రంథం "చట్టం ఏమంటోంది" చెబుతుంది, ఇవి "ఫారంలో ఈ గడిలో ఏం రాయాలి" చెబుతాయి. నాలుగు, క్లినిక్ (కాథలిక్ లీగల్ ఇమ్మిగ్రేషన్ నెట్‌వర్క్) లాంటి జాతీయ నెట్‌వర్క్‌లోనో ఐఎల్‌ఆర్‌సీ వంటి చోటో నిపుణులను ప్రశ్న అడిగే ఏర్పాటు. నన్నడిగితే నాలుగింటిలో మొదట డబ్బు పెట్టాల్సింది దీనికే. అడగడానికి మనిషి లేని పుస్తకం సగం పుస్తకం. ఏటా వేల డాలర్లు పోసి వెస్ట్‌లా, లెక్సిస్ అనే న్యాయ డేటాబేస్‌ల చందాలు కట్టే ముందు మీ కౌంటీ న్యాయ గ్రంథాలయానికి వెళ్లి చూడండి. చాలాచోట్ల పబ్లిక్ కంప్యూటర్ మీద ఏదో ఒకటి ఉచితంగా వాడుకోనిస్తారు.

ఎక్కడ చెడుతుందో చెప్పాలి, అసలు విషయం అదే. లైబ్రరీలు పుస్తకాలు చాలక కాదు, తేదీలు లేక చెడతాయి. పిల్లల వయసు 21 దాటిందా అన్న సీఎస్‌పీఏ (చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్) లెక్క తీసుకోండి. వీసా ఎప్పుడు అందుబాటులోకి వచ్చిందో చూడటానికి స్టేట్ డిపార్ట్‌మెంట్ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో రెండు పట్టికలున్నాయి: దాఖలు తేదీలది, తుది చర్య తేదీలది. 2023 ఫిబ్రవరి 14న యూఎస్‌సీఐఎస్ దాఖలు తేదీల పట్టికకు మారింది. 2025 ఆగస్టు 15 నుంచి పెట్టే దరఖాస్తులకు మళ్లీ తుది చర్య తేదీలే. అంతకుముందు పెట్టి పెండింగ్‌లో ఉన్నవాటికి 2023 లెక్కే. మీ ఫోల్డర్‌లో 2023 నాటి శిక్షణ స్లైడ్లు తేదీ లేకుండా ఉంటే, వలంటీరు ఆ కుర్రాడికి వయసు సరిపోయిందని చెప్పేస్తాడు. ఇండియా క్యూలో ఏళ్లుగా ఉన్న కుటుంబానికి ఆ తప్పు తిరిగి దిద్దుకోగలిగేది కాదు. పౌరసత్వ పరీక్ష కూడా అంతే. 2025 అక్టోబరు 20 నుంచి ఎన్-400 పెట్టినవాళ్లకు 128 ప్రశ్నల పట్టిక, 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు పెట్టినవాళ్లకు 100 ప్రశ్నల పాతదే, 10కి 6. రెండు కట్టలూ ఉండాలి, రెండింటి పైనా "ఎవరికి" అన్నది పెద్దక్షరాల్లో ఉండాలి.

కాబట్టి ప్రతి ఫైలు పేరూ ఇలా మొదలవ్వాలి: ఏడాది-నెల-రోజు, తర్వాత విషయం, తర్వాత అధికార స్థాయి. స్థాయికి అయిదు గుర్తులు చాలు: చట్టం, నిబంధన, తీర్పు, విధానం, వ్యాఖ్యానం. ఫారం సూచనల పత్రాన్ని వ్యాఖ్యానం కింద పడేయకండి. 8 సీఎఫ్ఆర్ 103.2(ఎ)(1) వాటిని నిబంధనల్లో భాగం చేసింది. పాలసీ మాన్యువల్‌లో మీరు ఆధారపడ్డ అధ్యాయాన్ని దరఖాస్తు పంపిన రోజే పీడీఎఫ్‌గా దింపి ఆ క్లయింటు ఫైల్లోనే ఉంచండి. ఏడాది తర్వాత అదనపు సాక్ష్యం అడిగే నోటీసు వచ్చేసరికి ఆ పేజీ మారిపోయి ఉంటుంది.

లైబ్రరీలో ఎప్పుడూ ఉంచకూడనివి మూడు: ఖాళీ ఫారాలు, ఫీజుల పట్టిక, పంపాల్సిన చిరునామా. ఈ మూడూ పంపే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్ నుంచే చూడాలి. ఫారం అడుగున ఎడిషన్ తేదీ పాతదైనా, ఒక పేజీ ఒక ఎడిషన్‌ది మరో పేజీ మరోదానిది అయినా కట్ట వెనక్కొస్తుంది. 2025 అక్టోబరు 28 నుంచి కాగితపు దరఖాస్తులకు మామూలు చెక్కులు, మనీఆర్డర్లు తీసుకోవడం మానేశారు. జీ-1450తో కార్డు, లేదా జీ-1650తో బ్యాంకు ఖాతా. పాత చెక్‌లిస్టులో "చెక్కు జతచేయండి" అని ఉంటే ఆ చెక్‌లిస్టు చించేయడమే.

ముందు బల్ల దగ్గర ఒక పేజీ "ఆగు" పట్టిక ఉండాలి. ఎప్పుడైనా అరెస్టు, పాత డిపోర్టేషన్ ఆదేశం, ఓటు వేయడం, తాను అమెరికా పౌరుణ్ని అని ఎక్కడైనా చెప్పడం, స్టేటస్ లేకుండా 180 రోజులు దాటి ఉండడం, ఆర్నెల్లు దాటిన విదేశీ ప్రయాణం. వీటిలో ఒక్కటున్నా ఫారం ముట్టుకోకుండా లాయరుకు చూపించాలి. 2025 ఫిబ్రవరి 28 నాటి విధానంతో యూఎస్‌సీఐఎస్ తిరస్కరణ తర్వాత డిపోర్టేషన్ విచారణకు పిలిచే కోర్టు నోటీసు జారీ చేసే సందర్భాలు బాగా విస్తరించాయి. "పెట్టి చూద్దాం, పోతే ఫీజే కదా" అనే మాట ఇప్పుడు చెల్లదు.

తెలుగు క్లయింట్లు ఉన్న కేంద్రానికి బయట దొరకని అర ఒకటి మీరే తయారు చేసుకోవాలి. స్టేట్ డిపార్ట్‌మెంట్ రెసిప్రాసిటీ పేజీలో (ఏ దేశం పత్రాలు ఎలా ఉంటాయో చెప్పే పేజీ) ఇండియా పత్రాల వివరాలు, దాని పక్కనే మన పత్రాల నమూనాలు: పేరు గడి ఖాళీగా ఉన్న జనన ధ్రువపత్రం, ఆలస్యంగా నమోదైనది, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం కింద వచ్చిన పెళ్లి సర్టిఫికెట్. 8 సీఎఫ్ఆర్ 103.2(బి)(2) చెప్పే మెట్లు అక్కడే అంటించండి: అసలు పత్రం, అది దొరకదంటే దొరకదన్న రుజువుతో ప్రత్యామ్నాయ పత్రం, అదీ లేకపోతే ఆ రెండూ లేవన్న రుజువుతో, కేసులో పక్షం కాని, స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు. అనువాదానికి నోటరీ అక్కర్లేదు. అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, ఆ భాషను ఇంగ్లీషులోకి మార్చే సామర్థ్యం తనకుందని అనువాదకుడు సంతకం చేస్తే చాలు.

మాటల పట్టిక కూడా కావాలి. "తహసీల్దార్", "పంచాయతీ కార్యదర్శి", "దత్తత", "ఇంటిపేరు" అన్నవాటికి అనువాదకులందరూ ఒకే ఇంగ్లీషు మాట వాడాలి. బంధుత్వాలు మరీ జాగ్రత్త. మనకు పెదనాన్న కొడుకూ అన్నే, పిన్ని కొడుకూ తమ్ముడే. ఐ-130కి కాదు. "అమ్మా నాన్నల్లో కనీసం ఒకరు ఇద్దరికీ ఒకరేనా?" అన్న ప్రశ్న తెలుగులో అచ్చువేసి ఇంటేక్ కాగితంలో పెట్టండి. దత్తతకు 16 ఏళ్ల లోపు జరిగిందా, రెండేళ్ల కస్టడీ, కలిసి ఉండటం ఉన్నాయా అన్నవి. తేదీలు మనం రోజు ముందు రాస్తాం, వాళ్లు నెల ముందు. 05-08 అన్నది మేనా ఆగస్టా అని అనువాదంలో నెల అక్షరాల్లో రాయించండి.

గెలిచిన కేసుల నమూనాలు దాచుకోవడం మంచిదే, పేరు, ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ ఫైలు నంబరు) తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. మన కమ్యూనిటీ చిన్నది. ఊరు, కాలేజీ, కంపెనీ పేరు ఉంటే ఎవరో ఇట్టే పట్టేస్తారు. ఇంట్లో హింస కేసుల్లో ఆ సమాచారం మొగుడి స్నేహితుడి చేతికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పీడీఎఫ్ మీద నల్ల గడి గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే బయటపడతాయి. రెడాక్షన్ టూల్ వాడండి, లేదా ప్రింటు తీసి, నలుపు చేసి, మళ్లీ స్కాన్ చేయండి.

బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. వారానికి అరగంట ఫెడరల్ రిజిస్టర్, పాలసీ అలర్టులు చూడటం, నెల మధ్యలో వీసా బులెటిన్ దింపడం, ఏటా పేదరిక రేఖ అంకెలు మారగానే ఆ అంకెలుండే ఐ-864పి మార్చడం, మూడు నెలలకోసారి పాతవాటిని "చెల్లదు" ఫోల్డర్‌లోకి తోయడం. కృత్రిమ మేధ రాసిచ్చిన తీర్పు పేరేదైనా వర్చువల్ లా లైబ్రరీలో తెరిచి చదవకుండా లోపలికి రానివ్వకూడదు, లేని కేసులు సృష్టించడంలో అది దిట్ట.

ఇఓఐఆర్-31లో రాసేటప్పుడు "మాకు లైబ్రరీ ఉంది" అని వదిలేయకుండా ఏ గ్రంథం ఏ ముద్రణ, ఏ చందా ఏ తేదీ వరకు, ఎవరు చూసుకుంటారు, సలహా ఒప్పందం ఎవరితో అన్నవి పేర్లతో, తేదీలతో రాసి ఒప్పందం కాపీ జతచేయండి.