పదిహేడుకీ ఇరవై నాలుగుకీ మధ్య

చిరంజీవికి,

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ ఫిన్నీ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆట వర్ణించిన చోట నీ చెయ్యి బాగా తిరిగింది. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లు, 30 గోల్స్, రెండు కాళ్లతోనూ ఆడే ఒడుపు, అన్నీ చెప్పావు. కానీ మూడో పేజీలో "యుద్ధం వల్ల విలువైన ఆరేళ్లు వృథా అయ్యాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసి 1946లోకి దూకేశావు. నాకు అక్కడే పంటి కింద రాయి తగిలింది.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించేసరికి లీగ్ సీజన్ మొదలై వారం దాటిందంతే. రద్దు చేసేశారు. ఫిన్నీకి అప్పుడు 17 ఏళ్లు. లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేనాటికి 24. మధ్యలో ఊరికే కూర్చున్నాడా? 1941 మే 10న లండన్ వెంబ్లీ స్టేడియంలో, యుద్ధకాలంలో నడిపిన వార్ కప్ ఫైనల్ ఆడాడు. అతని క్లబ్ ప్రెస్టన్, ఆర్సెనల్ 1-1తో సమం. ఆ రాత్రే జర్మన్ విమానాలు లండన్‌ను తగలబెట్టాయి. అంత ఘోరమైన రాత్రి ఆ నగరం మళ్లీ చూడలేదు. పగలు స్టేడియంలో కేకలు, చీకటి పడ్డాక బాంబులు! ఇంత ఉంటే ఎలా వదిలేశావయ్యా? ఆ నెలాఖరున బ్లాక్‌బర్న్‌లో మళ్లీ ఆడి 2-1తో ప్రెస్టన్ గెలిచింది. యుద్ధకాలపు మ్యాచ్‌లు లీగ్ లెక్కల్లోకి రావు. నువ్వు రికార్డుల పుస్తకం పక్కన పెట్టుకుని రాశావు, అందుకే అందులో లేని ఏళ్లు నీ వ్యాసంలోనూ లేవు.

తర్వాత ఈజిప్టు వెళ్లి అక్కడ సైనికుల టీమ్‌లతో ఆడాడు. చివర్లో ఇటలీలో ట్యాంకు నడిపాడు. ముందు ప్లంబర్ పని పూర్తిగా నేర్చుకోమని తండ్రి పట్టుబట్టాడు కదా, అది నీకు 'ప్రెస్టన్ ప్లంబర్' అన్న ముద్దుపేరు చెప్పడానికే పనికొచ్చింది.

నేనూ కొత్తలో ఇదే చేశాను. మా ఊరి వాలీబాల్ ఆటగాడి గురించి రాస్తూ "మోకాలి దెబ్బతో రెండేళ్లు ఆటకు దూరమయ్యాడు" అన్నాను. ఆయన చదివి, "ఆ రెండేళ్లూ మా ఆవిడ మిషన్ కుట్టి ఇల్లు నడిపింది, అది రాయలేదేం బాబూ?" అన్నాడు. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకోటి. "యుద్ధమే లేకపోతే వంద మ్యాచ్‌లు దాటేవాడు" అన్న లైన్ కొట్టెయ్. అది నీ ఊహ. దాని చోట హ్యారీ గాస్లిన్‌ని పెట్టు. బోల్టన్ ఫుట్‌బాల్ క్లబ్ కెప్టెన్. 1939 ఏప్రిల్‌లో సొంత మైదానంలో మైకు పట్టుకుని, సైన్యానికి తోడుగా రమ్మని జనాన్ని అడిగి, తన టీమ్‌వాళ్లతో కలిసి తానూ చేరాడు. 1943 డిసెంబర్‌లో ఇటలీలో గాయపడి చనిపోయాడు. ఫిన్నీ 1946లోకి నడిచి వచ్చాడంటే ఎంత బరువైన మాటో అప్పుడు పాఠకుడికి తెలుస్తుంది, నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

తిరగరాసి పంపు. టెన్షన్ పడకు, తొందరేం లేదు. ఈసారి లైన్ల మధ్య కాస్త ఎడం వదులు, నా కళ్లజోడు పవర్ మళ్లీ మారింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు