తోటి థెరపిస్టుల చిన్నచూపుతో సర్దుకుపోవాలా?

తోటి థెరపిస్టులు మీ యాసను, మీ దగ్గరికి వచ్చేవారి నమ్మకాలను తక్కువ చేసి మాట్లాడుతున్నారని, పైవారికి చెప్పాలో సర్దుకుపోవాలో తెలియడం లేదని రాశారు. సర్దుకుపోవద్దనే నా సలహా. ఆ చిన్నచూపు మిమ్మల్ని నొప్పించి ఊరుకోదు, పేషెంటు ఫైలులోకి కూడా ఎక్కుతుంది.

క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. ముగించి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు స్త్రీ కేసును చర్చకు పెట్టాను. కొడుకు పోయాక ఆమెకు నిద్ర పట్టడం లేదు. "పానం మంచిగుంటలేదు" అనేది. బోనాలప్పుడు తనకు పూనకం వస్తుందని కూడా ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. తెలుగు రాని ఒక సీనియర్ సహోద్యోగి, పూనకమంటే ఏమిటో నేను చెప్పీ చెప్పకముందే, తన కాగితం మీద 'సైకోసిస్?' అని, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక జబ్బేమోనని, రాసుకున్నారు. నేను వివరించబోతే, "మీవాళ్లకు మూఢనమ్మకాలు ఎక్కువ" అన్నారు. కొందరు నవ్వారు. ఆ 'మీవాళ్లు'లో పేషెంటుతో పాటు నేనూ ఉన్నానని అర్థమై, ఫైలు మూసి కూర్చున్నాను. ఆ పూట నోరు మెదపనందుకు ఇప్పటికీ బాధపడతాను.

రెండు రోజుల తరువాత ఆయన గదికి వెళ్లి, ఆ మాట నాకు ఎందుకు తగిలిందో ముందు చెప్పి, మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 (2013)లోని సాంస్కృతిక ఇంటర్వ్యూను ఎదుట పెట్టాను. అందులో 16 ప్రశ్నలున్నాయి. తన బాధను ఇంట్లోవారికి, తనవారికి ఏ మాటల్లో చెప్పుకుంటారో పేషెంటునే అడగమంటుంది ఒకటి. 'పానం' అంటే ఒళ్లూ, ప్రాణమూ, మనసూ కలిసిన మాట అని అప్పుడు చెప్పగలిగాను. ఆయన క్షమాపణ చెప్పలేదు కానీ, ఆ 'సైకోసిస్?' అన్న మాటను కొట్టేసి 'పుత్రశోకం' అన్న అర్థం వచ్చేలా రాశారు.

అయితే నా తప్పు కూడా చెప్పాలి. పాతబస్తీ నుంచి వచ్చే ముస్లిం పేషెంట్లను చాలాకాలం ఒకే ముస్లిం సహోద్యోగినికి పంపుతూ వచ్చాను. ఆమె కేరళ నుంచి వచ్చారు. "నాకు దక్కనీ ఉర్దూ మీకన్నా తక్కువ వచ్చు" అని ఆమె నెమ్మదిగా అన్న రోజున, మతం చూసి మనిషిని లెక్కగట్టానని తెలిసి సిగ్గుపడ్డాను.

కాబట్టి ముందు ఆ వ్యక్తితోనే ఏకాంతంలో, ఆయన అన్న మాటను ఉన్నదున్నట్టు గుర్తుచేస్తూ మాట్లాడండి. మళ్లీ జరిగితే సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పేషెంటుకు అందే వైద్యంలో తేడా కనిపిస్తే, మతం, సంస్కృతి, కులం ఆధారంగా వివక్ష కూడదని చెప్పే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్‌ను అందులో ప్రస్తావించండి. మిమ్మల్ని కులం పేరుతో కించపరిచి ఉంటే మాత్రం ఏకాంత సంభాషణ కోసం ఆగకండి, నేరుగా ఫిర్యాదు చేయండి.