హైస్కూల్ బ్యాండు, మొదటి క్యాసెట్టు: ఈ నెల పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అంకుల్ నమస్తే అండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు, నేను తొమ్మిదో క్లాసు. మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి బ్యాండు పెట్టుకున్నాం, ఒక పాత కీబోర్డు, మా తాతయ్య డప్పు, ఒక ఫోను, అంతే ఉన్నాయి. సినిమా పాటలు వాయించం, మాకు తోచిన సౌండ్లు కలుపుకుంటాం. మొన్న స్కూల్ యానివర్సరీలో వాయిస్తుంటే మధ్యలోనే మైకు కట్టేశారు, ఇది అసలు పాటే కాదన్నారు. బయట దేశాల్లో ఎక్స్‌పెరిమెంటల్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్లు ఉంటాయంట కదా, వాళ్ళు కూడా మాలాగే స్కూల్లోనే మొదలెట్టారా? మాకింకా పేరు కూడా కుదరలేదండి.

జవాబు: నాన్నా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మైకు కట్టేశారన్న చోట కాసేపు ఆగిపోయాను. ముందు నువ్వడిగింది చెప్తాను. అవును, స్కూల్లోనే మొదలెట్టినవాళ్ళు ఉన్నారు, అదీ పెద్ద సిటీల్లో కాదు. మిస్టర్ బంగిల్ అని ఒక బ్యాండు. కాలిఫోర్నియాలో బాగా ఉత్తరాన సముద్రం ఒడ్డున యురేకా అని చిన్న ఊరుంది, చేపలవేట, కలప మిల్లులు, అప్పట్లో అదే ఆ ఊరి బతుకు. శాన్‌ఫ్రాన్సిస్కో పోవాలంటే 400 కిలోమీటర్ల పైమాటే, మన కోనసీమ నుంచి హైదరాబాద్ ఎంతో ఇంచుమించు అంత. 1985లో ఆ ఊరి హైస్కూల్ పిల్లలు మైక్ ప్యాటన్, ట్రెవర్ డన్, ట్రే స్ప్రూయెన్స్, ఇంకొందరు కలిసి ఆ బ్యాండు పెట్టారు. పేరు కోసం బెంగ పెట్టుకున్నావు కదా, వాళ్ళు పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారంటే, భోజనాల దగ్గర ఎలా మసులుకోవాలో పిల్లలకి నేర్పడానికి స్కూళ్ళలో వేసే ఒక పాత చిన్న సినిమా ఉంది, అందులో పద్ధతి లేని తోలుబొమ్మలాంటి బొమ్మ పేరది.

మొదట్లో వాయించింది మహా స్పీడు మెటల్, అంటే గిటార్లు హోరెత్తించే గట్టి రాక్ సంగీతం. 1986లో సొంతంగా ఒక క్యాసెట్టు చేసుకున్నారు, రికార్డింగు నాసిగానే ఉంటుంది. మరుసటేడు చేసిన క్యాసెట్టు వింటే వీళ్ళేనా అనిపిస్తుంది, ఊదే వాయిద్యాలొచ్చాయి, స్కా (జమైకా వాళ్ళ డాన్సు సంగీతం) వచ్చింది, ఫంక్ (అమెరికా నల్లవాళ్ళ డాన్సు సంగీతం) వచ్చింది, ఒక్క పాటలోనే మూడు నాలుగు దార్లు మారిపోతారు. 88లో ఇంకోటి, 89లో ఇంకోటి. 1991లో వార్నర్ బ్రదర్స్ కంపెనీ నుంచి ఆల్బం వచ్చింది, న్యూయార్క్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ జోర్న్ ప్రొడ్యూసరు, అందరూ దాని గురించే చెప్తారు గానీ నాకు మాత్రం ఆ నాలుగు క్యాసెట్లే అసలు కథ. అండర్‌గ్రౌండ్ అంటే ఇదే, రేడియోలో రాదు, టీవీలో రాదు, ఒకళ్ళు కాపీ చేసి ఇంకొకళ్ళకి ఇస్తే అది చేతులు మారి మారి ఎక్కడికో పోతుంది. వాళ్ళ క్యాసెట్టు ఒకటి ఫెయిత్ నో మోర్ అనే బ్యాండు వాళ్ళ చేతికి చేరబట్టే ప్యాటన్‌ని సింగర్‌గా పిలిచారు.

పేరు సంగతి ఇంకోటి చెప్తాను. యానిమల్ కలెక్టివ్ అని అమెరికాలోనే బాల్టిమోర్ వైపు నలుగురు స్కూల్ ఫ్రెండ్స్, అందులో ఇద్దరు చిన్న క్లాసుల నుంచీ కలిసి తిరిగినవాళ్ళు. 1990ల నుంచి వాయిస్తూనే ఉన్నారు, కానీ ఆ పేరుతో మొదటి ఆల్బం వచ్చింది 2003లో. అప్పటిదాకా ఎక్కువగా ఏ రికార్డులో ఎవరు వాయిస్తే వాళ్ళ పేర్లే వేసుకున్నారు. కాబట్టి పేరు దానంతటది వస్తుంది, తొందరేం లేదు.

ఇప్పుడు నా సంగతి. 1995 జనవరిలో నేనూ నీలాగే తొమ్మిదో క్లాసు. మాది పాశర్లపూడికి దగ్గర ఊరే. జనవరి 8న అక్కడ గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. చుట్టుపక్కలవాళ్ళని ఇళ్ళు ఖాళీ చేయించారు, మా మేనత్త వాళ్ళు పిల్లల్తో మా ఇంట్లోనే ఉన్నారు ఆ రోజుల్లో, రాత్రిళ్ళు ఆకాశం అంతా ఎర్రగా ఉండేది, ఆ హోరు ఒక్క నిమిషం ఆగేది కాదు. భయమేసేది. మేం ముగ్గురం, ఒకడి దగ్గర హార్మోనియం, ఒకడి బాబాయిది పెళ్ళిళ్ళ బ్యాండు మేళం కాబట్టి సొట్టలు పడ్డ ట్రంపెట్ ఒకటి, నా దగ్గర టేప్ రికార్డరు. నాయనమ్మ భజన క్యాసెట్టు ఒకటి అడిగి తీసుకుని, దాని పైన విరిచేసిన బొక్కల్లో కాగితం ఉండలు కుక్కి (అలా చేస్తేనే మళ్ళీ రికార్డు అయ్యేది) డాబా మీద పెట్టి ఆ హోరు రికార్డు చేశాం. తర్వాత దాన్ని ప్లే చేస్తూ దాని కింద హార్మోనియం ఒకే మెట్టు నొక్కి పట్టుకుని, పైన ట్రంపెట్ ఊదేవాళ్ళం. ఎవరో చెప్తే చేసింది కాదు. ఆ హోరు లేకుండా ఏం వాయించినా అబద్ధంలా అనిపించేది మాకు, అంతే. ఏడు క్యాసెట్లయ్యాయి.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. నీకు మీ ఇంట్లో చెప్పే ఉంటారు. మా పెంకులు లేచిపోయాయి, ట్రంకుపెట్టెలోకి నీళ్ళూ బురదా వచ్చేశాయి. ఊళ్ళో మనుషులే పోయినప్పుడు క్యాసెట్ల గురించి ఏడిస్తే తప్పనిపించి ఎవరికీ చెప్పలేదు. పదిరోజుల తర్వాత ఎండలో ఆరబెట్టాను గానీ రీలు అంటుకుపోయింది, ఒక్కటీ ఆడలేదు. తర్వాత బ్యాండూ లేదు. ఒకడు గల్ఫ్ వెళ్ళిపోయాడు, ఒకడు తీర్థాలకి సౌండ్ సెట్లు పెడుతున్నాడు.

2020లో ఆ యురేకా వాళ్ళు 86 నాటి హైస్కూల్ క్యాసెట్టులో పాటలు మళ్ళీ స్టూడియోలో వాయించి రికార్డు చేసుకున్నారు, 34 ఏళ్ళ తర్వాత. అది వింటూ నేను మా ఏడు క్యాసెట్ల గురించే ఆలోచించాను. అందుకే నీకు చెప్పేది ఒక్కటే, మైకు కట్టేసిన ఆ రోజుది ఫోన్లో రికార్డు అయ్యుంటే దాన్ని చెరపొద్దు. ప్రతీ ఆదివారం వాయించింది, బాగున్నా బాగోకపోయినా, తేదీ వేసి దాచు. ఎమ్‌పీత్రీ కాకుండా వేవ్ ఫైలుగా దాచు, రెండు చోట్ల దాచు, ఒకటి నీ దగ్గర, ఒకటి ఇంకొకడి ఇంట్లో.

ఇంకో మాట, డప్పు. మన వైపు గాలిలో తేమకి తోలు సాగి డబడబమంటుంది, తాతయ్యని అడుగు, ఎండుతాటాకు మంట మీద ఎలా కాస్తారో, ఎక్కడ ఆపాలో. కాచిన డప్పుకీ కాచని డప్పుకీ మధ్య సౌండు మారుతూ ఉంటుంది చూడు, ఆ మార్పే రికార్డు చెయ్యి. పీజో డిస్కు అని, అంటించిన వస్తువు అదురునే మైకులా పట్టే చిన్న రేకు బిళ్ళ, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవగ్గా దొరుకుతుంది, రేడియో రిపేరు ఆయన చేత వైరూ పిన్నూ టంకం వేయించుకుని పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) రెయిలింగుకో, నూతి గిలకకో, లాకుల తలుపుకో అంటించి విను, ఇనుము లోపల నడిచే సౌండు చెవికి మామూలుగా తెలియదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే ఫోను డప్పుల పక్కనే పెట్టకు, సౌండు పగిలిపోతుంది, చేలో దూరంగా నిలబడు.

ప్రశ్న: మాది రాజోలు అండి. మా అబ్బాయి టెన్త్, ఎప్పుడు చూసినా ఫ్రెండ్స్‌తో కలిసి ఇలాంటి గోలే. చదువు పాడవుతుందని భయంగా ఉంది, మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. పరీక్షల వరకూ ఆదివారం రెండు గంటలని టైము పెట్టండి, ఒప్పుకుంటాడు. కానీ అంతకంటే ముందు ఒక్కసారి వాడి పక్కన కూర్చుని వాడు చేసింది మొదటి నుంచి చివరిదాకా వినండి, మధ్యలో ఏం అనకుండా. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, తప్పులేదు. మా అమ్మ అలాగే విని "నాకేం అర్థం కాలేదురా, ఆ ఊదేది మాత్రం ఏడుస్తున్నట్టుంది" అంది. మేం వాయించినదాని గురించి నాకు తెలిసి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నాం. ఇంటర్ కుర్రాళ్ళం, మేడమీద గదిలో ప్రాక్టీసు, పక్కింటివాళ్ళు గొడవ. గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే సౌండు బయటికి పోదంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదు తమ్ముడూ. ట్రేలు గదిలో మోత కొంచెం తగ్గిస్తాయేమో గానీ సౌండు బయటికి పోకుండా ఆపలేవు, దానికి బరువైన గోడ కావాలి, తలుపు సందులు మూసుకోవాలి, సౌండు ముందు పోయేది ఆ సందుల్లోంచే. కింద మందంగా పీచు పరుపు వేసి డ్రమ్స్ దాని మీద పెట్టండి, స్లాబు అదరడం తగ్గుతుంది. అన్నిటికన్నా మంచిది మేం చేసింది, ఊరవతల కొబ్బరికాయల షెడ్డు. కొబ్బరి పీచు డొక్కల రాశుల మధ్య కూర్చుంటే మోత ఉండదు, ట్రంపెట్ కూడా మెత్తగా వినపడేది. మీ వైపూ కొబ్బరి తోటలకి కొదవ లేదు కదా, షెడ్డు గలాయన్ని వెళ్ళి అడగండి, కాయ దింపు లేని రోజుల్లో ఇస్తారు.