సందేహాలు – సమాధానాలు: డఖావ్‌ను ‘దర్శించుకోవచ్చా’?

సందేహం: జర్మనీ బస్సు టూరులో మ్యూనిక్ దగ్గర ఒక నాజీ శిబిరం చూపించారు. మా సంఘం పత్రికకు ఇలా రాశాను: ‘డాచౌ ఏకాగ్రత శిబిరాన్ని దర్శించుకున్నాం. అక్కడ రెండు లక్షలమంది ఖైదీలు శిక్ష అనుభవించారు. 41,500 మంది బలయ్యారు.’ ‘ఏకాగ్రత’ తప్పని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: నిజమే. మిగతా మాటలూ చూడాలి.

‘కాన్సన్‌ట్రేషన్ క్యాంప్’ అనే ఇంగ్లీషు పేరులోని కాన్సన్‌ట్రేషన్‌కు నిఘంటువులో ముందు కనబడే అర్థం పట్టుకుంటే ఏకాగ్రతే వస్తుంది. అది మనసుకు సంబంధించిన మాట. ఇక్కడ జరిగింది మనుషుల్ని పట్టి తెచ్చి ఒకచోట కుక్కడం. ‘నిర్బంధ శిబిరం’ అనండి. విచారణ లేకుండా పట్టి ఉంచడమే నిర్బంధమని ఎమర్జెన్సీ చూసిన మనకు వేరే చెప్పక్కర్లేదు. 1933 మార్చి 22న డఖావ్‌కు (మీరు ‘డాచౌ’ అని రాసిన ఊరే) మొదటి బందీలను తెచ్చినప్పుడూ కోర్టు లేదు, తీర్పు లేదు. దానికి నాజీలు పెట్టుకున్న పేరు ‘షుట్స్‌హాఫ్ట్’, అంటే రక్షణ నిర్బంధం!

అందుకే ‘శిక్ష అనుభవించారు’ అన్నది నాకు ఏకాగ్రత కన్నా పెద్ద తప్పుగా కనిపిస్తోంది. శిక్ష అన్నామంటే నేరం ఉందని ఒప్పుకున్నట్టే. ‘ఖైదీలు’ అనే బదులు ‘బందీలు’ అనడం మేలు. ఒత్తు విషయంలో జాగ్రత్త: నిర్బంధంలో ‘ధ’, బందీలో ‘ద’. ‘బంధీ’ అనే రూపం లేదు.

‘మృత్యు శిబిరం’ అని కూడా దిద్దకండి. ట్రెబ్లింకా, సోబిబోర్ వంటివి వచ్చినవాళ్లను వచ్చినట్టే చంపడానికి ఆక్రమిత పోలండ్‌లో కట్టినవి. ఆ పేరు వాటికి చెందుతుంది. డఖావ్‌లో గ్యాస్ గది కట్టారు గానీ సామూహిక హత్యలకు వాడలేదు. అక్కడి ప్రాణాలు ఆకలితో, టైఫస్‌తో, వెట్టిచాకిరీతో, తుపాకి గుళ్లతో పోయాయి.

‘బలయ్యారు’ పత్రికల్లో రోజూ కనిపించే మాటే, ‘ప్రమాదానికి బలి’ అన్నట్టు. ఇక్కడ మాత్రం వద్దంటాను. బలి ఇచ్చేది దేవతకు. నాజీలు యూదులను సామూహికంగా చంపడాన్ని సూచించే ‘హోలోకాస్ట్’ అనే గ్రీకు మాటకు మూలార్థం కూడా పూర్తిగా దహించిన బలి అనే. అందుకే యూదుల్లో చాలామంది దాన్ని వదిలి, మహావిపత్తు అనే అర్థమున్న హీబ్రూ మాట ‘షోవా’ వాడతారు. ‘చనిపోయారు’ అంటే చంపినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. ‘చంపబడ్డారు’ తెలుగు నడక కాదు. మనకు ‘పొట్టన పెట్టుకున్నారు’ అనే చక్కటి జాతీయం ఉంది. కాల్చి చంపినా, తిండి పెట్టక చంపినా దోషం ఎవరిదో చెప్పేస్తుంది.

ఇక దర్శనం. ‘దర్శించుకున్నాం’లోని ‘కొను’ ఫలం మనకే దక్కిందని చెబుతుంది. తిరుమలలో స్వామిని దర్శించుకుంటాం. ఇక్కడ ‘సందర్శించాం’ చాలు, మాటల్లో అయితే ‘చూసొచ్చాం’. మీరు చూసింది కూడా శిబిరాన్ని కాదు, 1965లో అక్కడ ఏర్పరచిన స్మారక స్థలాన్ని. బ్యారక్‌లలో రెండింటిని మాత్రమే తిరిగి కట్టారు. మిగతావి ఉన్నచోట నేలమీద పునాదుల గుర్తులే ఉన్నాయి. ‘స్మారక చిహ్నం’ అనకండి, అది ఒక స్తంభానికో విగ్రహానికో వాడే మాట.

ఊరి పేరులో ‘చ’ లేదు. జర్మన్‌లో అకారం తర్వాత ‘ch’ అక్షరాలు గొంతులో రాపిడిగా పలుకుతాయి. హైదరాబాదీలు ‘ఖైరియత్’ అన్నప్పుడు వినిపించే ఖకారమే అది. మొదటి అచ్చు హ్రస్వం కాబట్టి ‘డఖావ్’ అని రాయండి. శిబిరం కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందునుంచీ ఉన్న ఊరది, నేటికీ జనం కాపురాలుంటున్నారు. కాబట్టి ఉత్త ‘డఖావ్’ అని వదలకుండా ‘స్మారక స్థలం’ చేర్చండి.

మీ వాక్యాలు ఇలా మార్చుకోవచ్చు: ‘డఖావ్ నిర్బంధ శిబిర స్మారక స్థలాన్ని సందర్శించాం. 1933 నుంచి 1945 దాకా నాజీలు రెండు లక్షలమందికి పైగా మనుషుల్ని ఈ శిబిరంలోనూ దాని ఉపశిబిరాల్లోనూ బంధించి, దాదాపు 41,500 మందిని పొట్టన పెట్టుకున్నారు.’