చప్పుడు చేయని హార్డ్‌డిస్క్ ఏది? – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఫొటోలు, పెళ్లి వీడియోలు కలిపి సుమారు 2.5 టీబీ ఉన్నాయి. డెస్క్‌టాప్ పడకగదిలోనే ఉంటుంది. రాత్రి కాపీ పెట్టి పడుకుంటే చప్పుడు వినిపించకూడదు, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేయాలి. ఏ హార్డ్‌డిస్క్ కొనమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 4 టీబీ, 3.5 అంగుళాల, 5400 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), సీఎంఆర్ (డేటా ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని రకం). షాపులో ఈ నాలుగూ అడగండి. వెస్టర్న్ డిజిటల్ (డబ్ల్యూడీ) కంపెనీ రెడ్ ప్లస్‌లో, సీగేట్ కంపెనీ ఐరన్‌వుల్ఫ్‌లో ఇప్పుడొస్తున్న 4 టీబీ మోడళ్లు రెండూ ఇలాంటివే, రెండింటికీ మూడేళ్ల వారంటీ ఉంది. ఈ రెండింట్లో ఏది దొరికినా తీసుకోవచ్చు.

5400 ఆర్‌పీఎం అంటే సెకనుకు 90 చుట్లు. 7200 అయితే 120. వేగం తగ్గితే రొద, వేడి రెండూ తగ్గుతాయి. వీడియోలు దాచుకోవడానికి ఆ వేగం ధారాళంగా చాలుతుంది. ఎప్పుడో అవసరం పడుతుందని 8 టీబీ తీసుకోబోతే జాగ్రత్త. పెద్ద సైజుల్లో చాలావరకు 7200వే. డబ్ల్యూడీ గతంలో ‘5400 ఆర్‌పీఎం క్లాస్’ అని అమ్మిన కొన్ని పెద్ద డిస్కులు నిజానికి 7200 వేగంతో తిరిగేవని 2020లో బయటపడింది.

సీఎంఆర్ సంగతి ఇంకా ముఖ్యం. ఎస్ఎంఆర్ అనే రెండో రకం డిస్కుల్లో డేటా ట్రాకులు (డేటా రాసే వరసలు) ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకచోట మార్చాలంటే పక్క ట్రాకులు కూడా తిరగరాయాలి. అందుకే పెద్ద కాపీ మొదట్లో జోరుగా సాగి, లోపలి తాత్కాలిక జాగా నిండగానే చతికిలపడుతుంది. కాపీ అయిపోయాక కూడా డిస్క్ లోపల సర్దుకుంటూ చాలాసేపు గరగరమంటుంది. పడకగదిలో అది మీకు అసలు పనికిరాదు. సీగేట్ బారకుడా 4 టీబీ ఎస్ఎంఆర్ రకం. ‘ప్లస్’ అనే మాట లేకుండా ఉత్త ‘డబ్ల్యూడీ రెడ్’ పేరుతో వచ్చిన 2 నుంచి 6 టీబీ డిస్కుల్లో కొన్ని కూడా అంతే. కంపెనీ ఆ సంగతి 2020లో ఒప్పుకున్నాకే రెడ్ ప్లస్ పేరు వచ్చింది. పాత స్టాకు అంటగట్టకుండా లేబుల్ మీద పేరు పూర్తిగా చదవండి.

ఇక చప్పుడు. అందులో సగం పాపం డిస్క్‌ది కాదు, దాన్ని బిగించిన విధానానిది. డిస్క్ అదురు పలుచని రేకు క్యాబినెట్‌కు ఎక్కితే ఆ రేకంతా మోగుతుంది. స్క్రూలకు రబ్బరు వాషర్లు వేసి, వాషర్ నలిగిపోకుండా బిగించండి. క్యాబినెట్‌ను చెక్క టేబుల్ మీద కాకుండా నేల మీద, మందపాటి రబ్బరు ముక్కల మీద పెట్టండి. ఒకే వేగం డిస్కులు రెండు పక్కపక్కనే ఉంటే వాటి వేగాల్లోని చిన్న తేడా వల్ల ‘ఊఁ...ఊఁ’ అని హెచ్చుతూ తగ్గుతూ రొద వస్తుంది. వాటి మధ్య ఒక డిస్క్ పట్టేంత చోటు ఖాళీ వదలండి.

చప్పుడు ఆపాలని డిస్క్‌కు స్పాంజి చుట్టొద్దు. మే నెలలో మీ ఊళ్లో గది వేడే 38 డిగ్రీలు దాటుతుంది, గాలి ఆడని డిస్క్ తేలిగ్గా 50 దాటేస్తుంది. 45 లోపు ఉంచడం మంచిది. ముందువైపు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి 600–800 ఆర్‌పీఎంలో తిరిగితే చాలు, దాని చప్పుడు చెవికి ఆనదు.

డిస్క్ రాగానే డేటా ఎక్కించకండి. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూడండి. పవర్ ఆన్ అవర్స్ (డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటలు) సున్నా గానీ, దానికి దగ్గరగా గానీ ఉండాలి. వందల్లో ఉంటే అది వాడిన డిస్క్, తిరిగి ఇచ్చేయండి. 05, సీ5, సీ6 వరుసలు డిస్క్‌లో పాడైన, అనుమానం ఉన్న చోట్ల లెక్క చెబుతాయి; వాటిలో రా వాల్యూస్ అన్నీ సున్నాలే ఉండాలి. తర్వాత డిస్క్‌ను జీపీటీగా (డిస్క్‌ను భాగాలుగా పంచే కొత్త పద్ధతి) మార్చుకోండి. పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఉంచితే 2 టీబీకి మించి వాడుకోలేరు. ‘క్విక్ ఫార్మాట్’ టిక్ తీసేసి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో పూర్తి ఫార్మాట్ చేయండి. 4 టీబీకి చాలా గంటలు పడుతుంది. డిస్క్‌లోని ప్రతి చోటా ఒకసారి రాసి చూసినట్టవుతుంది. అయ్యాక ఆ మూడు వరుసలూ మళ్లీ చూడండి. ఒక్కటి పెరిగినా వారంటీలో మార్పించుకోండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు సాధారణంగా డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌దే, అది మార్చండి.

ఇంతా చేసి డేటాను ఆ ఒక్క డిస్క్‌లోనే ఉంచితే ప్రయోజనం లేదు. వారంటీ కొత్త డిస్క్ ఇస్తుంది గానీ పెళ్లి వీడియో ఇవ్వదు. రెండో కాపీ వేరే కంపెనీ డిస్క్‌లో తీసి, వేరే ఇంట్లో పెట్టండి.

ప్రశ్న: కొత్త డబ్ల్యూడీ డిస్క్ ఏ పనీ లేకపోయినా ఐదు సెకన్లకోసారి ‘టక్’ అంటోంది. పాడైనట్టేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాపీ సరిగా జరుగుతూ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 సున్నాలోనే ఉంటే కంగారు పడక్కర్లేదు. డేటా చదివి రాసే హెడ్ ఒకేచోట ఆగిపోయి ఉండకుండా డిస్కే దాన్ని అప్పుడప్పుడు కదుపుతుంటుంది. డబ్ల్యూడీ పెద్ద సైజుల్లో ఇది మామూలే, ఆపడానికి మీట లేదు. రాత్రిళ్లు ఇబ్బందైతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ 20 నిమిషాలకు పెట్టండి. రెండు మూడు నిమిషాలకు తగ్గిస్తే మాటిమాటికీ ఆగి తిరగడంతో మోటారు అరుగుతుంది.

అదే ఆన్ చేయగానే ‘టక్ టక్ టక్’ అని వరసగా కొట్టుకుని, డిస్క్ కనిపించకుండా పోతుంటే మాత్రం హెడ్ దెబ్బతిన్నట్టు. వెంటనే కరెంటు తీసేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తే డేటా ఉండే ప్లేటు గీరుకుపోయి, రికవరీ వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

ప్రశ్న: ఎస్ఎస్‌డీకి అసలు చప్పుడే ఉండదు కదా, అందులో పెట్టి బీరువాలో దాచేస్తే?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: రోజూ వాడటానికి భేషుగ్గా ఉంటుంది, ఏళ్లపాటు దాచడానికి పనికిరాదు. ఎస్ఎస్‌డీలో తిరిగే ప్లేట్లు ఉండవు, డేటా చిప్‌లలో విద్యుదావేశంగా ఉంటుంది, కరెంటు లేకుండా వదిలేస్తే మెల్లగా కారిపోతుంది. బాగా అరిగిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది నిలబెట్టుకుంటే చాలన్నది చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. బీరువాకు హార్డ్‌డిస్కే మేలు. మీది సముద్రపు గాలి ఊరు కాబట్టి జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. ఆరు నెలలకోసారి తీసి కనెక్ట్ చేసి, నాలుగైదు పెద్ద ఫైళ్లు తెరిచి చూడండి. డిస్క్ మీద ‘మూయవద్దు’ అని రాసిన చిన్న గాలి రంధ్రం కనిపిస్తే దాని మీద స్టిక్కర్ మాత్రం అంటించకండి.