మేనకోడలికి, ఇంటర్వ్యూకి వెళ్లేముందు

పటమట, విజయవాడ

అమ్మడూ,

నీకు రిటైల్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. వారం నుంచి ఇంగ్లీషులో పేజీలకు పేజీలు బట్టీ పడుతున్నావని, టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినట్లేదని చెప్పింది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇరవై రెండేళ్లు సూపర్ మార్కెట్లలో పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్లు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నాను. ముందు ఆ బట్టీ కాగితాలు పక్కన పెట్టెయ్.

నువ్వు పంపిన రెజ్యూమె చూశాను. అనుభవం అన్నచోట 'లేదు' అని రాశావు. మనసుకి కష్టం అనిపించింది. ఇంటర్ చదివేటప్పటి నుంచి బ్రాడీపేటలో మీ కొట్లో సాయంత్రాలు కూర్చున్నది ఎవరు? రాత్రి గల్లాపెట్టె లెక్క సరిచూసింది ఎవరు? నూనె డబ్బాలు అయిపోవచ్చాయని బావగారికి గుర్తు చేసేది నువ్వే కదా. ఆ 'లేదు' కొట్టేసి, ఎప్పటి నుంచి ఏమేం చేశావో నాలుగు లైన్లు రాయి.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. వాళ్ల నాన్నకి నున్న మామిడి మార్కెట్‌లో వ్యాపారం. మా పళ్ల సెక్షన్‌లో ఉద్యోగానికి వచ్చాడు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. తెలుగులోనే చెప్పమని, "పండినవీ దోరవీ కలిసి వస్తే ఏం చేస్తావ్?" అని అడిగాను. చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఇవాళ అమ్ముడుపోవాల్సినవి ముందు వరసలో పెడతామండి, రేపటివి వెనక. దెబ్బతిన్న కాయ మాత్రం అప్పుడే తీసేయాలి, ఉంచితే పక్కవాటిని కూడా పాడు చేస్తుంది అన్నాడు. ఆ రోజు వచ్చిన పద్నాలుగు మందిలో అతన్నే తీసుకున్నాం. ముందు గడువు తీరే సరుకుని ముందు అమ్మాలన్న ఆ పద్ధతిని కంపెనీలో ఫెఫో అంటారని తర్వాత మేమే నేర్పాం.

నీ దగ్గరా అలాంటివి బోలెడున్నాయి. కొట్లో మనం తరుగు అంటామే, అక్కడ దాన్ని ష్రింకేజ్ అంటారు. కంప్యూటర్‌లో ఉన్న స్టాకుకీ, అరల్లో ఉన్న స్టాకుకీ మధ్య తేడా. ఎందుకు వస్తుందని అడిగితే చాలామంది దొంగతనం అని ఆగిపోతారు. సరుకు దించుకునేటప్పుడు లెక్క చూడకపోవడం, బిల్లింగ్‌లో పొరపాట్లు, పగిలినవీ పాడైనవీ రాయకపోవడం కూడా నువ్వు చెప్పు. బావగారు పప్పు బస్తాలు దించేటప్పుడు కాటా పక్కనే ఎందుకు నిలబడతారో నీకు తెలుసు, అదే ఉదాహరణగా చెప్పు.

లాభం లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త. 80 రూపాయలకి కొని 100కి అమ్మితే కొట్లో పాతిక శాతం అంటాం, ఎందుకంటే కొన్న ధర మీద చూస్తాం. కంపెనీలో మార్జిన్ అంటే అమ్మిన ధర మీద చూడాలి, అంటే 20 శాతం. బీకాం వాళ్లు కూడా ఇక్కడ తడబడడం చూశాను. రోజుకి 3 లక్షల అమ్మకం, స్టోర్ 10,000 చదరపు అడుగులు అయితే అడుగుకి ఎంత? 30 రూపాయలు. ఇలాంటివి కాగితం లేకుండా చెయ్యడం అలవాటు చేసుకో.

ఇంటర్వ్యూకి ముందు ఆ కంపెనీ స్టోర్‌కి రెండుసార్లు వెళ్లు. ఆదివారం సాయంత్రం ఒకసారి, మామూలు రోజు మధ్యాహ్నం ఒకసారి. ఒక సబ్బు కొని బిల్లు మొత్తం చదువు. బోర్డు మీద పేరు వేరు, కంపెనీ పేరు వేరు ఉండొచ్చు. డీమార్ట్‌నే చూడు, కంపెనీ పేరు ఎవెన్యూ సూపర్‌మార్ట్స్. 2002లో ముంబైలో మొదటి స్టోర్ తెరిచారు. రిలయన్స్ ఫ్రెష్ 2006లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. నువ్వు వెళ్లే కంపెనీ గురించి ఈపాటి తెలిస్తే చాలు. అంతకంటే బియ్యం, పప్పు ఎక్కడ పెట్టారు, వాటి దాకా వెళ్లేలోపు ఏమేం కనిపిస్తున్నాయి, ఎన్ని బిల్లింగ్ కౌంటర్లు మూసి ఉన్నాయి, ఏ అరకి ధర ట్యాగ్ లేదు అన్నవి చూసుకో. "మా స్టోర్ చూశారా?" అని దాదాపు అందరూ అడుగుతారు. నీ కంటపడిన ఒక్క లోపం మర్యాదగా చెప్పి, నువ్వైతే ఎలా సరిచేస్తావో కూడా చెప్పు.

అర మీద 99 ఉంది, బిల్లులో 112 వచ్చింది, కస్టమర్ అరుస్తున్నాడు, ఏం చేస్తావ్ అంటారు. వాదించకూడదు. క్షమించమని అడిగి, వెళ్లి ట్యాగ్ చూసి, సూపర్‌వైజర్‌కి చెప్పి 99కే ఇప్పిస్తానను. ఆ వెంటనే ట్యాగ్ మార్పిస్తానని చెప్పడం మర్చిపోకు, ఆ రెండో మాట కోసమే అవతలివాళ్లు ఎదురుచూస్తారు. ఎవరో వస్తువు జేబులో వేసుకోవడం చూశావంటే, అందరిలో నిలదీయనని, చెయ్యి వెయ్యనని, సెక్యూరిటీకి చెప్తానని చెప్పు.

తెలియనిది తెలుసని అనకు. నా మొదటి ఇంటర్వ్యూలో ఎక్సెల్ బాగా వచ్చని చెప్పాను. వెంటనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆ ఉద్యోగం పోయింది, వారం రోజులు ఇంట్లో తలెత్తలేకపోయాను. సంక్రాంతికి, దసరాకి సెలవు దొరకదు, మూలా నక్షత్రం రోజున విజయవాడలో జనం ఎలా ఉంటారో నీకు తెలుసు. అది ఒప్పుకునేట్టయితేనే సరే అను.

జీతం మాట వస్తే సీటీసీ, అంటే ఏడాదికి నీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, ఆ అంకె చూసి మురిసిపోకు, చేతికి ఎంత వస్తుందో అడుగు. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కి పోతుంది. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐకి 0.75 శాతం పోతుంది, వైద్యం దొరుకుతుంది కాబట్టి అది మంచిదే. వారాంతపు సెలవు ఏ రోజు, క్లోజింగ్ షిఫ్ట్ ఎన్నింటికి అయిపోతుంది అన్నవి ఆడపిల్లవని మొహమాటపడకుండా అడుగు. రాత్రి పది దాటితే గుంటూరు వెళ్లనక్కర్లేదు, మా ఇల్లుంది.

ఉద్యోగానికి డబ్బు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క రూపాయి పంపకు. పొరపాటున పంపితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

సర్టిఫికెట్లు ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్, ఆధార్, పాన్, ఫోటోలు ఒకే ఫైల్‌లో పెట్టుకో. గురువారం సాయంత్రమే బస్సెక్కి వచ్చెయ్. రాత్రి మనిద్దరం ఒకసారి ప్రశ్నలు అనుకుందాం. శుక్రవారం పొద్దున అత్త పెసరట్టు వేస్తానంది. తిన్నాక నేనే బండి మీద దింపుతాను.

మామయ్య